నమిలితేనే ఒంటబట్టేది: వాక్కు, సత్ప్రసాదం

(హైదరాబాద్‌లోని ఒక కతోలిక విచారణలో, అంటే పారిష్‌లో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాల ధ్యానకూటమిలో, పూజలో వాక్యం చదివే పాఠకులకు, సత్ప్రసాదం పంచే సేవకులకు, విశ్వాసులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

గురువులకు, సిస్టర్లకు, సోదరీ సోదరులకు నమస్కారం.

ఆదివారం ఉదయం 7 గంటల పూజ అనుకుందాం. 7:20కి కూడా గేటు దగ్గర బండ్లు ఆగుతూనే ఉంటాయి. సువిశేషం, అంటే సువార్త పఠనం, అయిపోయి ప్రసంగం నడుస్తుంటుంది. అలా వచ్చినవాళ్లు కూడా సత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం, వరుసలో మాత్రం తప్పకుండా నిలబడతారు. దీన్ని బద్ధకం అనడానికి నాకు మనసొప్పదు. అసలు పూజ రొట్టె, ద్రాక్షారసం కానుకల దగ్గర మొదలవుతుందని, అంతకుముందు చదివేవి దానికి ముందుమాట అని మనలో చాలామందికి ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకం తప్పు. దానివల్ల మనం సగం ఆకలితోనే ఇంటికి పోతున్నాం.

రెండో వాటికన్ మహాసభ దైవావిష్కరణ గురించి 1965 నవంబరు 18న వెలువరించిన పత్రం 21వ సంఖ్య చూడండి. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, ప్రభువు శరీరాన్ని ఎలా పూజించిందో పవిత్ర గ్రంథాన్నీ అలాగే పూజించిందని, వాక్కు బల్ల నుంచీ క్రీస్తు శరీరపు బల్ల నుంచీ జీవాహారాన్ని అందుకుని విశ్వాసులకు పెడుతోందని అక్కడుంది. బల్లలు రెండు, భోజనం ఒకటి.

ఎమ్మావు దారి గుర్తు తెచ్చుకోండి, లూకా 24. యెరూషలేము నుంచి అరవై స్టాడియాల దూరం అంటాడు లూకా. అంటే 11 కిలోమీటర్లు, దాదాపు సికింద్రాబాద్ నుంచి చార్మినార్ దాకా కాలినడకన పోయినంత. రెండు గంటలకు తక్కువ పట్టదు. పునరుత్థానమైన రోజు ఎమ్మావు ఊరికి పోతున్న ఇద్దరు శిష్యులను దారిలో ప్రభువు కలిసి, మోషేతో మొదలుపెట్టి లేఖనాలు విప్పి చెబుతూ నడిచాడు. ఇక రొట్టె విరవడమా? క్షణం పని. కళ్లు తెరుచుకున్నాయి, ఆయన కనబడకుండా పోయాడు. ఆ తర్వాత వాళ్లు ఒకరితో ఒకరు అన్నది రొట్టె గురించి కాదు, దారిలో ఆయన మాట్లాడుతుంటే గుండె మండలేదా అని. దారిలో గుండె మండింది కాబట్టే బల్ల దగ్గర కళ్లు తెరుచుకున్నాయి. మనమేమో దారి వదిలేసి బల్ల దగ్గరికి వస్తున్నాం.

మరి వాక్కును తినడం ఎలా? మన భాషలో దీనికి మంచి మాట ఉంది: నెమరు. ఆవు గబగబా మేసి, నీడకు చేరి, తిన్నదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నిదానంగా నములుతుంది. మనిషి ఒక మాటను మళ్లీ మళ్లీ తలుచుకున్నా నెమరువేసుకున్నాడనే అంటాం. పాతకాలపు మఠవాసులు వాక్య ధ్యానానికి లాటిన్‌లో వాడిన మాట కూడా ఇదే. 12వ శతాబ్దంలో కార్తూసియన్ మఠ సంఘానికి చెందిన గీగో అనే మఠాధిపతి దాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానించడమంటే నమలడం, ప్రార్థించడమంటే రసం పీల్చుకోవడం, చివరికి ఊరకే ఆయన సన్నిధిలో ఉండిపోవడం ఆ తీపి.

దీనికి ఇరవై ఐదు నిమిషాలు చాలు. శనివారం రాత్రి, వంటిల్లు సర్దాక కూర్చోండి. మర్నాటి సువిశేషం ఒక్కటే తీయండి. మొదట బిగ్గరగా చదవండి, పెదవులు కదలాలి. రెండోసారి ఇంకా నెమ్మదిగా చదవండి. మనసు ఎక్కడో ఒకచోట ఆగుతుంది, అక్కడ ఆగిపోండి. తర్వాతి వచనానికి పోవద్దు. ఆ మాటనే ఓ పది నిమిషాలు లోపల తిప్పండి: ఇది ఎవరు ఎవరితో అన్నారు, నాతో అంటే నేనేం చేస్తాను? అందులోంచి వచ్చిందాన్ని, అది భయమైనా కోపమైనా, ప్రభువుకే చెప్పేయండి. ఆఖరి ఐదు నిమిషాలు ఏమీ అడగకండి. ఫోన్‌లో చదివేవాళ్లు దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఒక్క మెసేజ్ మోగితే నోట్లో ముద్ద కింద పడినట్టే.

ఇందులో దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. ఒకటి, కొత్త సంవత్సరం ఉత్సాహంలో ఆదికాండం మొదలుపెట్టి, నిర్గమకాండం సగం దాటి గుడారం కొలతల దగ్గర తడబడి, లేవీయకాండంలో ఆపేయడం. మొత్తం 73 పుస్తకాలు, పాతవి 46, కొత్తవి 27. వరసన చదవాలన్న నియమమేమీ లేదు. మార్కుతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. రెండోది వాగ్దాన వచనాల అలవాటు. కళ్లు మూసుకుని పుస్తకం తెరిచి, వేలు పడిన వచనాన్ని ఈ రోజుకు నాకిచ్చిన మాటగా తీసుకోవడం. ముందూ వెనకా లేని వచనం మనకు కావలసిందే చెబుతుంది, దేవుడు చెప్పదలచింది చెప్పదు. మూడోది, వారమంతా వదిలేసి ఒకేసారి కూడబెట్టుకోవాలని చూడటం. నిర్గమకాండం 16లో ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం మన్నా. ఏ రోజు మన్నా ఆ రోజే ఏరుకోమన్నారు. దాచిపెట్టిన మన్నా తెల్లారేసరికి పురుగుపట్టి కంపుకొట్టింది.

ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి: 'ఏ' అనే సంవత్సరంలో మత్తయి, 'బి'లో మార్కు, 'సి'లో లూకా సువార్త. ఇప్పుడు ఏది నడుస్తోందో తెలియాలంటే సంవత్సరాన్ని మూడుతో భాగించండి. శేషం లేకపోతే 'సి', ఒకటి మిగిలితే 'ఏ', రెండు మిగిలితే 'బి'. 2025 సి, 2026 ఏ. అయితే ఈ లెక్క జనవరిలో కాదు, అంతకుముందు, క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమనకాలం మొదటి ఆదివారమే మారుతుంది. బి సంవత్సరంలో సామాన్యకాలం, అంటే పండుగ కాలాలు కాని మామూలు వారాల్లో, 17 నుంచి 21వ ఆదివారం వరకు యోహాను 6 వరసగా వస్తుంది. జీవాహారం గురించి ప్రభువు చెప్పిందంతా ఆ ఐదు వారాల్లో ఉంది. 54వ వచనం దగ్గర గ్రీకు మూలంలో క్రియ మారుతుంది: మామూలుగా తినడం అనే మాట పోయి, పళ్లతో నమలడం అనే మాట వస్తుంది. వింటున్నవాళ్లు ఇది కఠినమైన మాట అంటున్నా ఆయన దాన్ని మెత్తబరచలేదు.

పాఠకులకు ఒక్క మాట. మన గ్రంథం తెలుగులో వాక్యాలు పొడుగు, క్రియ ఎక్కడో చివర పడుతుంది. ముందుగా చూసుకోకపోతే ఊపిరి మధ్యలో తెగుతుంది, అర్థం కూడా తెగుతుంది. ఇంట్లో మూడుసార్లు బిగ్గరగా చదవండి, విరుపు ఎక్కడో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. చదవడం అయ్యాక కొన్ని క్షణాల మౌనం ఉండాలి. ఆ మౌనంలోనే జనం నములుతారు.

ఇక రెండో బల్ల. శ్రీసభ చట్టం 919వ నిబంధన ప్రకారం సత్ప్రసాదానికి ముందు కనీసం ఒక గంట ఏమీ తినకూడదు, తాగకూడదు. నీళ్లకు, మందులకు అడ్డులేదు. ఆ గంట లెక్క పూజ మొదలయ్యే వేళకు కాదు, స్వీకరించే వేళకు. 7 గంటల పూజలో 7:45కి స్వీకరిస్తారనుకుంటే 6:45 తర్వాత చాయ్, ఉస్మానియా బిస్కెట్ వద్దు. ముసలివాళ్లకు, జబ్బుతో ఉన్నవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఈ నియమం లేదు. చావైన పాపం, అంటే ఘోరమైన పాపం, ఉందని తెలిసినవాళ్లు ముందు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయాలి. పూజ గంట కొట్టాక గురువు (ఫాదర్) కోసం వెతికితే కుదరదు, శనివారం సాయంత్రమే రండి. వరుసలోకి వెళ్లకుండా కూర్చున్నవాళ్లను మాత్రం దయచేసి తిరిగి చూడకండి.

స్వీకరించే ముందు మనం పలికేది శతాధిపతి అనే రోమా సైనికాధికారి యేసుతో అన్న మాట, మత్తయి 8:8. నువ్వు నా ఇంటికి రావడానికి నేను తగను, ఒక్క మాట పలుకు అన్నాడాయన. శరీరాన్ని అందుకోబోతూ మనం అడిగేది మాటను. దీన్ని కూడా శనివారం రాత్రి నెమరువేయవలసిందే.

చేతిలో తీసుకునేచోట ఎడమ అరచెయ్యి పైన, కుడిది కింద పెట్టాలి. చాలామందికి ఇది మింగుడుపడదు. ఎడమచేత్తో ఏదీ పుచ్చుకోకూడదని ఇళ్లలో నేర్పారు కదా. అలా పెట్టమనేది కుడిచేత్తో తీసి నోట్లో పెట్టుకోవడానికే. 4వ శతాబ్దంలో యెరూషలేము పునీత సిరిలు కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్లకు చెప్పింది వేరు: రాజు వస్తున్నాడు, ఎడమచేతిని కుడిచేతికి సింహాసనం చేసి అరచేతిని గుంటగా పట్టమన్నాడు. చెయ్యి ఏదైనా అక్కడ కనబడవలసింది సింహాసనం. వేళ్ల చివరలతో లాక్కోవద్దు. "ఆమెన్" వినబడేలా అనండి. రెండడుగులు పక్కకు జరిగి అక్కడే స్వీకరించండి, చేతిలో పట్టుకుని నడవకండి. తర్వాత అరచెయ్యి చూసుకోండి, నలుసు ఉంటే అదీ ఆయనే. బంగారు రజను ఇస్తే ఒక్క రేణువు జారనిస్తావా అని అడిగాడు సిరిలు. కంసాలి కొట్లో ఊడ్చిన దుమ్మునే పారేయరు. ద్రాక్షారసం రూపంలో ఉన్న ప్రభువు రక్తంలో అప్పాన్ని ముంచి ఇచ్చేచోట నాలుక మీదే తీసుకోవాలి, మనంతట మనం ముంచుకోకూడదు. అప్పం కింద పడితే కంగారుపడకండి, కాలు కదపకండి. సేవకులు భక్తితో తీసుకుంటారు.

సత్ప్రసాద సేవకులారా, మంచం పట్టినవాళ్ల ఇంటికి వెళ్లేముందు ఫోన్ చేసి చెప్పండి: చిన్న బల్ల మీద తెల్లగుడ్డ, సిలువ, కొవ్వొత్తి, గ్లాసుడు నీళ్లు. టీవీ ఆపమనండి. ముందు ఆ రోజు సువిశేషం నాలుగు వచనాలైనా చదవండి, ఇంట్లో కూడా రెండు బల్లలే. మింగలేనివాళ్లకు చిటికెడు ముక్క చాలు, నీళ్లతో ఇవ్వండి. అదీ పోదంటే గురువుకు చెప్పండి, ప్రభువు రక్తం ఒక్కటే ఇవ్వడానికీ చట్టం ఒప్పుకుంటుంది. గోధుమ పడనివాళ్లకు గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పాలు ఉన్నాయి. అసలు గోధుమే లేనిది మాత్రం సత్ప్రసాదానికి చెల్లదు.

ఇప్పుడు లూకా 24 తీయండి, 13 నుంచి 35 వరకు. ఒకరు బిగ్గరగా చదువుతారు, మిగతావాళ్లు పుస్తకం మూసి వినండి. రెండోసారి చదివినప్పుడు 30వ వచనం దగ్గర నాలుగు క్రియలున్నాయి చూడండి: తీసుకున్నాడు, ఆశీర్వదించాడు, విరిచాడు, ఇచ్చాడు. ఆ నాలుగింట్లో ఏదో ఒకదాని దగ్గర మీ మనసు ఆగుతుంది. పావుగంట తర్వాత గంట కొడతాం, అప్పటిదాకా ఎవరూ మాట్లాడవద్దు.