మీ వంతు ఎప్పుడొస్తుంది? పోకర్ బల్ల మీద ఫోన్-ఇన్

(డాలస్ నుంచి ఆదివారం సాయంత్రం ఇంటర్నెట్‌లో ప్రసారమైన తెలుగు ఫోన్-ఇన్ కార్యక్రమం పాఠం. కాలర్ల పేర్లు తీసేశాం.)

యాంకర్: అందరికీ నమస్కారం. థాంక్స్‌గివింగ్ లాంగ్ వీకెండ్ వచ్చేస్తోంది. బిర్యానీ ట్రేలు ఆర్డరిచ్చేసి ఉంటారు. భోజనాలయ్యాక పిల్లలు మీడియా రూములోకి, పెద్దవాళ్ళు డైనింగ్ టేబుల్ చుట్టూ పేకముక్కలతో. రమ్మీ అయితే ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. పోకర్ మొదలెట్టగానే ‘ఇప్పుడెవరి వంతు’ అని గొడవ. అందుకే ఓక్లహోమాలో పోకర్ గదిలో చాలా ఏళ్ళు డీలర్‌గా పనిచేసిన సార్‌ని ఈరోజు పిలిచాం. నమస్తే సార్.

అతిథి: నమస్తే అమ్మా. ముందే చెప్తున్నాను, నేను ఆడింది తక్కువ, పంచింది ఎక్కువ. గెలిచే చిట్కాలు అడగొద్దు. ఎవరి తర్వాత ఎవరు అన్నది ఎంతసేపైనా అడగండి.

యాంకర్: మొదటి కాలర్ ఫ్రిస్కో నుంచి. హలో!

కాలర్, ఫ్రిస్కో: హలో అక్కా. పేరు వద్దులే, ఊళ్ళో మా అమ్మ ఈ ప్రోగ్రాం వింటుంది.

యాంకర్: (నవ్వుతూ) సరే, పేరు లేకుండానే అడుగు.

కాలర్, ఫ్రిస్కో: మేం ఆరుగురం టెక్సాస్ హోల్డెమ్ ఆడతాం సార్. నేను బిగ్ బ్లైండ్‌లో ఉంటే మొదటి రౌండులో నా వంతు అందరికంటే ఆఖర్న వస్తుంది. బల్లమీద మూడు ముక్కలు తెరిచాక మాత్రం చాలాసార్లు నన్నే ముందు మాట్లాడమంటారు. మధ్యలో రూల్ మార్చేశారా అనిపిస్తుంది.

అతిథి: మార్చలేదు బాబూ. ముందు బటన్ ఎక్కడుందో చూడు. మీ ఇంట్లో బటన్ ఉందా?

కాలర్, ఫ్రిస్కో: ఆవకాయ సీసా మూత వాడతాం సార్.

అతిథి: బ్రహ్మాండం. ఆ మూత ఎవరి ముందుంటే ఆ చేతికి వాళ్ళే డీలర్ అన్నట్టు, ముక్కలు వేరేవాళ్ళు పంచినా సరే. మూతకి ఎడమపక్క మొదటి మనిషి స్మాల్ బ్లైండ్, రెండో మనిషి బిగ్ బ్లైండ్. ఈ ఇద్దరూ ముక్కలు చూడకముందే చిప్పులు, అంటే పందెం బిళ్ళలు, పెట్టాలి. అంటే మొదటి రౌండుకి వాళ్ళు అప్పటికే పందెం కాసినట్టు లెక్క. కాబట్టి వాళ్ళ తర్వాతి మనిషి దగ్గర మొదలై, చుట్టూ తిరిగి, ఆఖరికి బిగ్ బ్లైండ్ దగ్గరికి వస్తుంది. ఫ్లాప్, అంటే బల్లమీద ఆ మొదటి మూడు ముక్కలు, తెరిచాక ఎవరూ బలవంతంగా పెట్టాల్సింది లేదు. అప్పుడు మూతకి ఎడమపక్కన, ఇంకా ఆటలో ఉన్న మొదటి మనిషే మాట్లాడతాడు. నాలుగో ముక్క టర్న్‌కీ, ఐదో ముక్క రివర్‌కీ కూడా అంతే. మూత ముందున్నవాడు ఆటలో ఉంటే ఆఖరి మాట వాడిదే.

యాంకర్: ఒక చేయి నడిపించి చూపిస్తారా సార్, రేడియోలోనే?

అతిథి: నడిపిద్దాం. ఆరు కుర్చీలు. ఆరో కుర్చీ ముందు మూత. ఒకటో కుర్చీ ఒక చిప్పు పెట్టింది, రెండో కుర్చీ రెండు. ముక్కలు పంచాం. ఇప్పుడు మాట్లాడాల్సింది మూడో కుర్చీ. రెండు చిప్పులు పెట్టి కాల్ చేశాడనుకోండి, అంటే ఉన్న ధరకి సమానంగా పెట్టాడు. నాలుగోవాడు ఫోల్డ్, అంటే ముక్కలు వదిలేశాడు. ఐదోవాడు ఎనిమిదికి రైజ్ చేశాడు, అంటే ధర పెంచాడు. ఆరోవాడు ఫోల్డ్, ఒకటోవాడు తన ఒక్క చిప్పు వదిలేసుకుని ఫోల్డ్. రెండోవాడు ఇంకో ఆరు పెట్టి కాల్. ఇప్పుడెవరు?

కాలర్, ఫ్రిస్కో: అయిపోయింది కదా సార్, ఫ్లాప్ తియ్యాలి.

అతిథి: అక్కడే అందరూ తొందరపడి ముక్కలు తెరిచేస్తారు! మూడోవాడు పెట్టింది రెండే. ఆ తర్వాత ధర ఎనిమిదైంది. వాడికి మళ్ళీ వంతు రావాలి. ఇంకో ఆరు పెడతాడో, వదిలేస్తాడో, ఇంకా పెంచుతాడో వాడిష్టం. ఆరు పెట్టాడనుకుందాం. ఐదోవాడికి మాత్రం వంతు రాదు, ఎనిమిది చేసింది వాడే, ఆపైన ఎవరూ పెంచలేదు. ముగ్గురివీ ఎనిమిదేసి, ఒకటోవాడు వదిలిన ఒకటి, పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 25. ఇప్పుడు ఫ్లాప్. ఒకటోవాడు లేడు కాబట్టి ముందు రెండోవాడు, తర్వాత మూడోవాడు, ఆఖర్న ఐదోవాడు.

కాలర్, ఫ్రిస్కో: ఒకవేళ ఎవరూ రైజ్ చెయ్యకుండా అందరూ రెండేసి పెట్టారనుకోండి, నేను బిగ్ బ్లైండ్‌లో ఉన్నాను. నా రెండు ముందే ఉన్నాయిగా. ఫ్లాప్ తీసెయ్యొచ్చా?

అతిథి: తియ్యకూడదు. నిన్ను అడగాలి. అందరూ సమానంగా పెట్టినా నీకింకా మాట్లాడే అవకాశం రాలేదు. చెక్ అనొచ్చు, అంటే ఏమీ పెట్టకుండా వంతు దాటించొచ్చు, లేదా రైజ్ అనొచ్చు. నువ్వు చెక్ అన్నాకే ఫ్లాప్. ఇంటి ఆటల్లో ఎక్కువగా దెబ్బతినేది ఈ హక్కే. చేతిలో రెండు ఆసులు పెట్టుకుని పెంచుదామని చూస్తుంటే, పక్కవాడు ఫ్లాప్ పరిచేస్తాడు.

యాంకర్: థాంక్యూ తమ్ముడూ. నెక్స్ట్ ప్లేనో నుంచి. హలో?

కాలర్, ప్లేనో: నమస్కారమమ్మా. మాది తెనాలి. మా అబ్బాయి దగ్గరికి వచ్చాం, ఆర్నెల్లు ఉంటాం.

యాంకర్: నమస్కారం బాబాయ్ గారూ, చెప్పండి.

కాలర్, ప్లేనో: నాకు మూడు ముక్కలాట బాగా వచ్చు. సంక్రాంతికి ఆడతాంగా. ఇక్కడ మావాడి ఫ్రెండ్స్‌తో కూర్చుంటే ఎప్పుడు ఆగుతారో, ఎప్పుడు మళ్ళీ మొదలెడతారో అంతు చిక్కట్లేదు. మా ఆటలో పందెం తిరుగుతూనే ఉంటుంది, ఇద్దరు మిగిలాక ఎవరో ఒకరు షో అడుగుతారు, అంతే.

అతిథి: బాబాయ్ గారూ, తేడా సరిగ్గా అక్కడే ఉంది. మూడు ముక్కల్లో చేతిలో ముక్కలు మారవు, బల్లమీదకి కొత్తవి రావు, అందుకని పందెం ఒకటే చుట్టు, తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ నాలుగు సార్లు ఆగుతుంది. చేతిలో రెండు ముక్కలు రాగానే ఒక రౌండు, బల్లమీద మూడు తెరిచాక ఒకటి, నాలుగోది తెరిచాక ఒకటి, ఐదోది తెరిచాక ఆఖరిది. ఏ రౌండైనా ఆగాలంటే రెండు జరగాలి. ఆటలో ఉన్న ప్రతివాళ్ళకీ కనీసం ఒకసారి వంతు రావాలి, అందరూ పెట్టింది సమానం కావాలి. డబ్బంతా అయిపోయి ఆల్-ఇన్ అన్నవాడికి మాత్రం మినహాయింపు.

కాలర్, ప్లేనో: మా ఇంట్లో రమ్మీ కుడిచేతి వైపు పంచుతాం. ఇక్కడ ఎడమకి పోతున్నారు, అదో తికమక.

అతిథి: పోకర్ ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే దిక్కే. పంచడమూ, పందెమూ, చేయి అయిపోయాక మూత జరపడమూ అన్నీ ఎడమకే.

యాంకర్: ఇర్వింగ్ నుంచి ఇంకో కాలర్. చెప్పండమ్మా.

కాలర్, ఇర్వింగ్: మా మరిదితో పెద్ద తలనొప్పి సార్. ముక్కలు నచ్చకపోతే వంతు రాకుండానే బల్లమీదకి విసిరేస్తాడు. ‘ఎలాగూ ఆడనుగా, టైం సేవ్ చేస్తున్నా వదినా’ అంటాడు. నాకేమో ఒళ్ళు మండుతుంది, కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నా.

అతిథి: ఒళ్ళు మండటంలో తప్పులేదమ్మా. ఫ్లాప్ మీద మీరు ముగ్గురున్నారనుకోండి. ముందు మీరు, తర్వాత మీ తోటికోడలు, ఆఖర్న మరిది. మీ చేతిలో అంతంతమాత్రం జత ఉంది. పందెం కాద్దామంటే వెనక ఇద్దరున్నారని భయం. అంతలో మరిది ముక్కలు విసిరేశాడు. ఇప్పుడు మీకు భయపడాల్సింది ఒక్కరికే. ధైర్యంగా పందెం కాస్తారు. ఇబ్బంది ఎవరికి? తోటికోడలికి. ఆమె మిమ్మల్ని ఏమీ అన్లేదు, పాపం ఆమె చేసిన తప్పేమీ లేదు, కానీ మీకు ఉచితంగా ఒక సమాచారం అందింది.

యాంకర్: అంటే వంతు మర్యాద కోసం కాదన్నమాట.

అతిథి: మర్యాద తర్వాత సంగతి. వేలంపాటలో అందరి ధరలూ విని ఆఖర్న చెయ్యెత్తేవాడికి ఎంత సుఖమో, బటన్ మీద కూర్చున్నవాడికి అంత సుఖం. ఆ సుఖం చేయి చేయికీ ఒక్కో కుర్చీ జరుగుతుంది, అందరికీ వస్తుంది. అందుకే మూత జరపడం మర్చిపోతే నేను ఊరుకోను. మీ మరిది చేసేదాంతో ఈ లెక్కంతా పాడవుతుంది.

కాలర్, ఇర్వింగ్: మరి విసిరేస్తే ఏం చెయ్యాలి? వెనక్కి తీసుకోమనాలా?

అతిథి: వద్దు. ఫోల్డ్ చేస్తే ఫోల్డే, ముందుగా చేసినా సరే, ముక్కలు తిరిగిరావు. టోర్నమెంటులో అయితే పెనాల్టీ కూడా వేస్తారు. ముందుగా చెక్ అన్నా, కాల్ అన్నా, రైజ్ అన్నా సంగతి వేరు. ఆటని వెనక్కి, అసలు వంతు ఉన్నవాడి దగ్గరికి తీసుకెళ్ళాలి. వాడు చెక్ చేసినా, కాల్ చేసినా, ఫోల్డ్ చేసినా ఏమీ మారనట్టు లెక్క, తొందరపడ్డవాడు అన్నమాటకే కట్టుబడాలి. వాడు పందెం కాసినా, పెంచినా పరిస్థితి మారిపోయింది, అప్పుడు తొందరపడ్డవాడు తన చిప్పులు వెనక్కి తీసుకుని కొత్తగా ఆలోచించుకోవచ్చు.

ఇంకో విషయమమ్మా. బల్లమీద చేత్తో తడితే చెక్ అని అర్థం. నేను డీలర్‌గా ఉన్నప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు టెన్షన్‌లో వేళ్ళతో బల్లమీద దరువేసేవాళ్ళు. అది చూసి పక్కవాడు పందెం పెట్టేసేవాడు. ‘నేను చెక్ అన్లేదు, ఆలోచిస్తున్నాను’ అని వీడు గోల. ఆలోచించేటప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకోండి. టైం కావాలంటే ‘టైం’ అని నోటితో చెప్పండి.

యాంకర్: ఇప్పుడు హైదరాబాద్ నుంచి కాల్. అక్కడ తెల్లారే ఉంటుంది! హలో.

కాలర్, హైదరాబాద్: హలో మేడమ్, లేచే ఉన్నాం. నేనూ మా తమ్ముడూ ఇద్దరమే ఆడుకుంటాం, చింతగింజలతో. పైసలు లేవు, ఇంట్లో తిడతరు. ఇద్దరే ఉంటే బటన్ లెక్క ఎట్ల?

అతిథి: చింతగింజలు మంచిదే బాబూ. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం నిషేధం, 2025లో కేంద్రం కూడా దేశం మొత్తానికీ చట్టం తెచ్చింది. ఆటకొద్దాం. ఇద్దరే ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. బటన్ ఉన్నవాడే స్మాల్ బ్లైండ్ పెడతాడు. ఫ్లాప్‌కి ముందు వాడే మొదట మాట్లాడతాడు. ఫ్లాప్ నుంచి ఆఖరివరకూ వాడు రెండోవాడు. ముక్కలు పంచేటప్పుడు మొదటి ముక్క బిగ్ బ్లైండ్‌కి, ఆఖరి ముక్క బటన్‌కి.

కాలర్, హైదరాబాద్: మేం ఉల్టా ఆడుతున్నం సార్. బటన్ ఉన్నోడు బిగ్ బ్లైండ్ పెడుతున్నడు.

అతిథి: అలా ఆడితే బటన్ లేనివాడు ఫ్లాప్‌కి ముందూ మొదటే, తర్వాతా మొదటే. చేయి మొత్తం చీకట్లో ఆడినట్టు. ఆ అన్యాయం లేకుండా ఉండటానికే బటన్‌ని స్మాల్ బ్లైండ్‌కి మార్చారు. దానివల్ల మొదటి రౌండులో ఆఖరి మాట ఒకరిది, మిగతా మూడు రౌండుల్లో ఇంకొకరిది. ముగ్గురు ఆడుతూ ఒకడు లేచిపోయి ఇద్దరు మిగిలితే మాత్రం ఒకటి చూసుకోండి, ఒకే మనిషి వరసగా రెండుసార్లు బిగ్ బ్లైండ్ పెట్టకూడదు. అవసరమైతే మూత అటు జరపండి.

యాంకర్: హ్యూస్టన్ నుంచి ఒక పాయింటు మెసేజ్‌లో వచ్చింది సార్. ‘నేను 100 పెట్టాను, పక్కవాడు కాల్ చేశాడు, మూడోవాడు ఆల్-ఇన్ అన్నాడు, వాడి దగ్గరున్నవి 150. నేను 500కి పెంచుతానంటే ఒప్పుకోలేదు. ఎందుకు?’

అతిథి: నో-లిమిట్, అంటే పందేనికి పైహద్దు లేని ఆటలో ఒప్పుకోకపోవడమే కరెక్టు. రైజ్ అంటే కనీసం ముందున్న పందెమంత పెంచాలి. 100 మీద పూర్తి రైజ్ 200. వాడు పెంచింది 50 మాత్రమే, అది కూడా వేరే దారిలేక. మీరిద్దరూ అప్పటికే మాట్లాడేశారు కాబట్టి, మీకు మళ్ళీ వంతు వచ్చినా అందులో రైజ్ ఉండదు. ఇంకో 50 పెట్టడమో, వదిలెయ్యడమో. కానీ వెనకాల ఇంకా మాట్లాడని నాలుగోవాడు ఉన్నాడనుకోండి, వాడు 250కో ఆపైకో పెంచొచ్చు. వాడు పెంచితే మీకు రైజ్ హక్కు తిరిగొస్తుంది. ఆల్-ఇన్ అన్నవాడి దగ్గర 200 ఉన్నా హక్కు వచ్చేది.

యాంకర్: ఎడిసన్, న్యూజెర్సీ. క్విక్‌గా ఒక ప్రశ్న.

కాలర్, ఎడిసన్: స్ట్రాడిల్ అంటే ఏంటండీ? మా గ్రూపులో ఒకడు ప్రతిసారీ పెడతాడు.

అతిథి: బిగ్ బ్లైండ్ పక్కన కూర్చున్నవాడు ముక్కలు చూడకముందే తనకుతానుగా రెట్టింపు పెట్టడం. దానికి ప్రతిఫలంగా మొదటి రౌండులో బిగ్ బ్లైండ్ కంటే కూడా తర్వాత, అందరికంటే ఆఖర్న మాట్లాడతాడు. ఫ్లాప్ నుంచి మామూలే. ఇది అందరూ ముందే ఒప్పుకుంటేనే పెట్టాలి. నన్నడిగితే సరదా తప్ప లాభం లేని పని.

యాంకర్: ఆఖరి కాలర్, ఆర్లింగ్టన్ నుంచి.

కాలర్, ఆర్లింగ్టన్: చివర్లో ముక్కలు ఎవరు ముందు చూపించాలండీ? మా దగ్గర ‘నువ్వు చూపించు, నువ్వు చూపించు’ అని అయిదేసి నిమిషాలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు.

అతిథి: ఆఖరి రౌండులో చివరిసారి పందెం కాసినవాడో, పెంచినవాడో ముందు చూపించాలి. ధర వాడు చెప్పాడు, అవతలివాడు చూడటానికి డబ్బిచ్చాడు. ఆ రౌండులో అందరూ చెక్ అంటే, మళ్ళీ బటన్‌కి ఎడమపక్కన ఆటలో ఉన్న మొదటివాడి దగ్గర మొదలుపెట్టి వరసగా. గెలిచిన ముక్కలు చేతిలో ఉన్నాయని తెలిసినవాడు మాత్రం రూల్ కోసం చూడకుండా వెంటనే పరిచేస్తే బాగుంటుంది, అవతలివాడు ఆశపడకుండా.

కాలర్, ఆర్లింగ్టన్: ఓడిపోయినవాడు చూపించకుండా లోపల పెట్టేయొచ్చా?

అతిథి: తన వంతు వచ్చినప్పుడు పెట్టేయొచ్చు, కానీ పాట్ మీద హక్కు వదులుకున్నట్టే. ఇకపోతే ఎవరైనా ఆల్-ఇన్ అయ్యి, పందెం కాయడానికి ఇంకెవరూ మిగలకపోతే, టోర్నమెంటులో అందరి ముక్కలూ అప్పుడే తెరిచేస్తారు, రివర్ దాకా ఆగరు.

యాంకర్: సార్, ముగ్గురు ముగ్గురూ వేర్వేరు మొత్తాలతో ఆల్-ఇన్ అంటే పాట్ ఎలా పంచాలని నలుగురు లైన్లో ఉన్నారు. టైం అయిపోయింది. సైడ్ పాట్‌ల లెక్క వచ్చే ఆదివారం, ఇదే సమయానికి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.