కన్యాశుల్కం రివ్యూ: గిరీశాన్ని పక్కన పెట్టి మధురవాణిని చూద్దాం

అందరికీ నమస్కారమండీ. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. మా ఊళ్లో గురజాడ గారి నాటకం కన్యాశుల్కం పేరెత్తితే చాలు, ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అని ఎవరో ఒకరు అందుకుంటారు. గిరీశం క్రేజ్ అలాంటిది. అసలు ఆ కథని అడ్డంగా తిప్పిందెవరో మాత్రం ఎవరికీ పట్టదు. ఈ వీడియో ఆవిడ గురించే.

ముందు ఒక లెక్క వినండి. మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక జాబితా గురించి చెప్తారు. విశాఖ జిల్లాలో మూడేళ్లలో డబ్బిచ్చి పిల్లని కొనుక్కున్న పెళ్లిళ్లు 1034. అందులో ముగ్గురు పెళ్లికూతుళ్లకి ఏడాది వయసు! ధర 350 నుంచి 400 రూపాయలు. నవ్వుకుందామని పుస్తకం తెరిచినవాణ్ని, అక్కడే ఆగిపోయాను.

ఇక మధురవాణి. ఆవిడ ఒక సాని, అంటే వేశ్య. మొదట్లో ఆవిడకి ఇదంతా వినోదమే. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తే మంచం కింద ఇద్దరు మగాళ్లు దాక్కుంటారు, ఈవిడ వాళ్లతో ఆడుకుంటుంది. డబ్బు కోసం తండ్రి ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోయిన చిన్నపిల్ల సుబ్బిని తప్పించడానికి, ఆ పిల్ల మేనమామ కరటక శాస్త్రి తన శిష్యుడికి చీర కట్టి పెళ్లికూతుర్ని చేస్తాడు చూడండి, అందులోనూ ఈవిడ చేయి ఉంది. పెళ్లయ్యాక ఆ ‘పెళ్లికూతురు’ మాయం. ముసలాయన మీద ఖూనీ కేసు!

నాకు ఇక్కడే మధురవాణి మీద గౌరవం పెరిగింది. సుబ్బి గట్టెక్కింది కదా, ముసలాయన ఖర్మ అనుకుని ఊరుకోవచ్చు. ఊరుకోదు. మగవేషం వేసుకుని, రాత్రిపూట విశాఖపట్నంలో, ముసలాయన కేసు చూస్తున్న వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. ఆయనేమో సానివాళ్ల మొహమే చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆ ఖూనీ కేసు వెనక నిజం తను చెప్పాలంటే, ఆయన తనకి ముద్దివ్వాలి అంటుంది. ఆ పెద్దమనిషి పడే టెన్షన్ చూడాలి! తీరా ఆయన సిద్ధపడ్డాక తనే వద్దంటుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని వాళ్లమ్మ చెప్పిందట. సంస్కరణ గురించి పేజీలకి పేజీలు ఉపన్యాసాలిచ్చింది గిరీశం. నిజం చెప్పడానికి ఇల్లు కదిలింది ఈవిడ. ఆ ఊపులోనే గిరీశం బండారం కూడా బయటపెట్టేస్తుంది. గిరీశం లేవదీసుకొచ్చిన సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మ, పాపం పుణేలోని వితంతువుల శరణాలయానికి.

ఇంకో సంగతి. నాటకం మొదటిసారి ఆడింది 1892లో, ఇక్కడే విజయనగరంలో. పుస్తకంగా 1897లో వచ్చింది. మధురవాణి పాత్ర ఇంత పెరిగింది మాత్రం 1909 నాటి రెండో కూర్పులో. అంటే గురజాడ చేతిలోనూ ఈవిడ ఎదగడానికి ఏళ్లు పట్టిందన్నమాట. కొంటే ఆ కూర్పే కొనండి. 1955 సినిమాలో సావిత్రి గారు మధురవాణిగా ఉన్నారు, అదీ చూడొచ్చు. కానీ పుస్తకం ముందు.

లోపాల్లేవా అంటే ఉన్నాయి. చాలా పొడుగు. గిరీశం ఇంగ్లీషు దంచే చోట్ల నేనే రెండు పేజీలు తిప్పేశాను, తిట్టుకోకండి. నిజంగా బాధనిపించింది మాత్రం సుబ్బి విషయంలో. ఇంత గొడవా ఆ పిల్ల కోసమే కదా, ఆ పిల్ల గొంతు మనకి దాదాపు వినపడదు.