అర మిల్లీమీటరు తగాదా

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో పాత డీవీడీ ఒకటి, బ్లూ-రే డిస్కు ఒకటి ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి వ్యాసం 12 సెంటీమీటర్లే. మందం 1.2 మిల్లీమీటర్లే. నడిమి చిల్లు కూడా ఒకే కొలత. ఇప్పుడు డీవీడీని కంటికి దగ్గరగా పెట్టుకుని అంచు చూడండి. మందానికి సరిగ్గా మధ్యలో వెంట్రుకంత గీత ఒకటి కనిపిస్తుంది. 0.6 మిల్లీమీటర్ల మందమున్న రెండు పలకలను అతికించిన చోటు అది. రెండు అప్పడాలను ఒకదాని మీద ఒకటి అంటించినట్టన్నమాట. సినిమా ఉండేది ఆ అతుకు దగ్గరే, నట్టనడుమ. బ్లూ-రేలో అలా కాదు. అందులో సినిమా దాదాపు పైకే వచ్చేసి ఉంటుంది. చదివే ముఖానికీ దానికీ మధ్య ఉన్నది 0.1 మిల్లీమీటరు పొర, అంతే.

సినిమాను 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంచాలా, 0.1 లోతులో ఉంచాలా? ఈ అర మిల్లీమీటరు మీద ఎలక్ట్రానిక్స్ కంపెనీలు రెండు వర్గాలుగా చీలి ఆరేళ్లు పోరాడాయి. ఒక పక్క సోనీ, పానసోనిక్, ఫిలిప్స్ వగైరాల బ్లూ-రే. ఇంకో పక్క తోషిబా, ఎన్‌ఈసీల హెచ్‌డీ డీవీడీ. ఈ పోరును చాలామంది బొమ్మ నాణ్యత మీద జరిగిన పోటీ అనుకుంటారు. నిజానికి బొమ్మ విషయంలో రెండూ దాదాపు సమానమే. తగాదా అంతా డిస్కు నిర్మాణం దగ్గర, దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ దగ్గర మొదలైంది.

ముందు అసలు అవసరం ఏమిటో చూద్దాం. మన దేశపు డీవీడీలో ఒక్కో బొమ్మకు అడ్డం 720, నిలువు 576 చుక్కలు, అంటే మొత్తం సుమారు 4 లక్షల 15 వేలు. హైడెఫినిషన్ బొమ్మలో 1920 అడ్డం, 1080 నిలువు, అంటే 20 లక్షలు దాటి. ఐదు రెట్లు. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 గిగాబైట్లు. అందులో ఇంత బొమ్మ ఇమడదు.

అందుకు ఎర్ర లేజరు బదులు నీలి లేజరు కావలసి వచ్చింది. డిస్కు మీద లేజరు చుక్క కలం పాళీ లాంటిది. పాళీ సన్నగా ఉంటే అదే కాగితంలో ఎక్కువ వరుసలు పడతాయి. డీవీడీ లేజరు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు. కొత్తదానిది 405. పేరుకు నీలం అంటాం గానీ కంటికి ఊదాగా కనిపిస్తుంది. జపాన్‌లోని నిచియా కంపెనీలో షూజీ నకమురా 1990లలో చేసిన పని వల్ల ఈ లేజరు చేతికొచ్చింది. నీలి ఎల్‌ఈడీకి గాను 2014లో ఇసాము అకసాకి, హిరోషి అమనోలతో పాటు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ లేజరును రెండు వర్గాలూ వాడుకున్నాయి. అక్కడ తేడా లేదు.

తేడా కటకం దగ్గర వచ్చింది. వెలుగును ఎంత వెడల్పు కోణం నుంచి కూడగట్టి చుక్కగా చేస్తుందో, కటకానికి అంత బలం. దాన్ని న్యూమరికల్ ఎపర్చర్ అనే అంకెతో చెబుతారు. డీవీడీ కటకానిది 0.60. హెచ్‌డీ డీవీడీ దాన్ని 0.65 దగ్గర ఆపింది. బ్లూ-రే ఏకంగా 0.85కు పోయింది. దాంతో చుక్క ఇంకా చిన్నదై, వరుసకూ వరుసకూ మధ్య ఎడం 0.32 మైక్రాన్లకు తగ్గింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. హెచ్‌డీ డీవీడీలో ఆ ఎడం 0.40, డీవీడీలో 0.74. ఫలితంగా బ్లూ-రేలో ఒక్కో సమాచారపు పొరకు 25 గిగాబైట్లు పట్టాయి, హెచ్‌డీ డీవీడీలో 15. రెండు పొరలైతే 50, 30.

అంత బలమైన కటకం ఊరికే రాదు. నీళ్లలో ముంచిన కర్ర వంగినట్టు కనిపిస్తుంది కదా. ప్లాస్టిక్ పొరలోకి దిగిన లేజరు కిరణం కూడా అలాగే వంగుతుంది. తిరిగేటప్పుడు డిస్కు ఏ కాస్తో ఒరుగుతూనే ఉంటుంది. ఒరిగినప్పుడు చుక్క తోకచుక్కలా సాగిపోతుంది. ఈ దోషం కటకం అంకెకు ఘనం లెక్కన పెరుగుతుంది, పొర మందాన్ని బట్టీ పెరుగుతుంది. 0.85 కటకంతో, నీలి లేజరుతో, డీవీడీలాగే 0.6 మిల్లీమీటర్ల పొర గుండా చదవబోతే దోషం డీవీడీ కంటే సుమారు నాలుగున్నర రెట్లవుతుంది. ఆ యంత్రం పనిచేయదు. పొరను ఆరో వంతుకు తగ్గిస్తే దోషం డీవీడీ కంటే కిందికి వస్తుంది. 0.1 మిల్లీమీటరు అలా పుట్టింది. బ్లూ-రే వర్గం మొండితనంతో ఎంచుకున్న అంకె కాదది, కటకం అడిగిన అంకె.

తోషిబా వాదన కూడా అంతే గట్టిది. 0.6 మిల్లీమీటర్లు ఉంచితే ప్రపంచంలోని డీవీడీ ఫ్యాక్టరీలన్నీ ఉన్న యంత్రాలకే కొద్ది మార్పులు చేసుకుని కొత్త డిస్కు అచ్చువేయగలవు. అదే లైను మీద ఉదయం డీవీడీ, సాయంత్రం హెచ్‌డీ డీవీడీ తీయవచ్చు. బ్లూ-రేకు కొత్త యంత్రాలు కావాలి. అక్కడి పని ఇలా ఉంటుంది. 1.1 మిల్లీమీటర్ల పలకను, సినిమా సమాచారం ఉండే సన్నటి గుంటలతో సహా పోతపోస్తారు. దానిమీద అద్దంలా మెరిసే లోహపు పూత వేస్తారు. ఆ మీద జిగురులాంటి రెజిన్‌ను నడిమధ్య పోసి పలకను గిర్రున తిప్పుతారు. దోసెపిండి గరిటెతో పరుచుకున్నట్టు అది అంచుదాకా పరుచుకుంటుంది. వెంటనే అతినీలలోహిత కాంతితో గట్టిపరుస్తారు. చిక్కు ఎక్కడంటే, తిప్పినప్పుడు రెజిన్ అంచు దగ్గర గట్టుకట్టినట్టు మందమవుతుంది. నూరు మైక్రాన్ల పొరలో రెండు మూడు మైక్రాన్ల తేడా వచ్చినా చుక్క చెదురుతుంది. ఈ దోషమైతే కటకం అంకెకు నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. రెండు పొరల డిస్కులో రెండో సమాచారపు పొర 75 మైక్రాన్ల లోతులో ఉండాలి కాబట్టి ఇదే పని రెండుసార్లు తప్పకుండా కుదరాలి. మొదట్లో సరిగా కుదరలేదు. అందుకే 2006లో వచ్చిన తొలి బ్లూ-రే సినిమాలన్నీ ఒకే పొర డిస్కులు, 25 గిగాబైట్లవి.

దీని ప్రభావం బొమ్మలో తేటగా కనిపించింది. ఆ తొలి బ్లూ-రేలలో పాత ఎంపెగ్-2 పద్ధతిలో కుదించిన వీడియో ఉండేది, ఎక్కువ చోటు తినేది. హెచ్‌డీ డీవీడీ మొదటి రోజు నుంచే 30 గిగాబైట్ల డిస్కులో వీసీ-1 అనే కొత్త పద్ధతి వాడింది. పొరకు తక్కువ పట్టే డిస్కే మెరుగైన బొమ్మ చూపించింది. ఏడాది తిరిగేసరికి బ్లూ-రే కూడా రెండు పొరలు, కొత్త కుదింపు పద్ధతులు అందుకుంది, తేడా పోయింది.

మరి 50 గిగాబైట్లు దేనికి? లెక్క వేద్దాం. బొమ్మా ధ్వనీ కలిపి సెకనుకు సగటున 25 మెగాబిట్లు అనుకుందాం. రెండు గంటల హాలీవుడ్ సినిమాకు 22.5 గిగాబైట్లు. రెండు డిస్కుల్లోనూ పడుతుంది. మన తెలుగు సినిమా పావు తక్కువ మూడు గంటలు తీసుకోండి. 31 గిగాబైట్లు దగ్గరపడుతుంది. హెచ్‌డీ డీవీడీలో ఆ కాస్త దగ్గరే ఆగిపోతాం, ఇంకొంచెం గట్టిగా కుదిస్తే పడుతుంది. బ్లూ-రేలో 19 గిగాబైట్లు మిగులుతాయి. ధ్వనిని అసలు కుదించకుండా ఆరు చానళ్లలో ఇవ్వాలంటే, 16 బిట్ల లెక్కన రెండు గంటలకే 4 గిగాబైట్లకు పైగా కావాలి. అంటే ధ్వనికే దాదాపు ఒక పొర డీవీడీ అంత చోటు. మిగిలిన చోటుకు ఉపయోగం అక్కడుంది.

ఇక పోరు ఎలా నడిచిందో. 2002 ఫిబ్రవరి 19న తొమ్మిది కంపెనీలు కలిసి బ్లూ-రేను ప్రకటించాయి. 2003 ఏప్రిల్‌లో సోనీ మొదటి రికార్డరును జపాన్‌లో నాలుగున్నర లక్షల యెన్లకు అమ్మకానికి పెట్టింది. అప్పటి డిస్కు విడిగా ఉండేది కాదు, ప్లాస్టిక్ డబ్బీలో బిగించి ఉండేది. పొర అంత పలచన కదా, గోరు తగిలినా భయమే. 2004లో టీడీకే గట్టి పూత ఒకటి తయారుచేశాకే ఆ డబ్బీ పోయింది.

2005లో రెండు వర్గాలూ రాజీకి కూర్చున్నాయి. ఇదివరకు ఒకసారి అలా కుదిరింది. 1995లో సోనీ-ఫిలిప్స్‌ల డిస్కు, తోషిబా వర్గపు డిస్కు పోటీపడబోతుంటే, కంప్యూటర్ కంపెనీల ఒత్తిడితో రెండూ కలిసి ఒకే డీవీడీ అయ్యాయి. ఈసారి ఒకరు 0.1 వదలలేదు, ఇంకొకరు 0.6 వదలలేదు. ఆ రాజీ కుదరకపోవడమే అసలు నష్టం. ఆ తర్వాత రెండేళ్లు కొనేవాళ్లు ఏది కొంటే ఏది మూలపడుతుందోనని చేతులు ముడుచుకు కూర్చున్నారు.

2006 ఏప్రిల్‌లో తోషిబా ప్లేయరు అమెరికాలో 499 డాలర్లకు వచ్చింది. జూన్‌లో శామ్‌సంగ్ బ్లూ-రే ప్లేయరు 999 డాలర్లకు వచ్చింది. ఇక్కడ హెచ్‌డీ డీవీడీ వాళ్లను మెచ్చుకోవాలి. ప్రతి ప్లేయరులోనూ ఇంటర్నెట్ తీగ పెట్టే చోటు ఉండాలని ముందే నియమం పెట్టారు. ఒక ప్రాంతంలో కొన్న డిస్కు ఇంకో ప్రాంతపు ప్లేయరులో ఆడకుండా చేసే తాళాలు పెట్టలేదు. బ్లూ-రే తొలి ప్లేయర్లకు ఇంటర్నెట్ లాంటి సౌకర్యాలు తప్పనిసరి కావు, నియమాలు తర్వాత ఒక్కొక్కటిగా చేర్చారు. వెయ్యి డాలర్లు పోసి ముందుగా కొన్నవాళ్లలో చాలామందికి కొత్త డిస్కుల్లోని అదనపు విశేషాలు పనిచేయలేదు. నమ్మి ముందుకొచ్చిన కొనుగోలుదారుకు ఇది అన్యాయమే.

బ్లూ-రే పక్షాన బరువు వేసింది ఆటల యంత్రం. 2006 నవంబరులో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 3లో బ్లూ-రే లోపలే ఉంది. ఆట కోసం కొన్న ప్రతి ఇల్లూ బ్లూ-రే ఇల్లయింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటల యంత్రం ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవును విడిగా 199 డాలర్లు పెట్టి కొనుక్కోవాలి. విడిగా కొనాల్సినదాన్ని అందరూ కొనరు.

స్టూడియోలు కూడా చీలాయి. సోనీ, డిస్నీ, ఫాక్స్ బ్లూ-రే వైపు, యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీ వైపు. వార్నర్ రెండింటిలోనూ వేసేది. రెండింటిలోనూ ఇస్తున్న పారమౌంట్ 2007 ఆగస్టులో హెచ్‌డీ డీవీడీకే పరిమితమైంది. నవంబరులో తోషిబా ప్లేయరు ధర కొన్ని దుకాణాల్లో వంద డాలర్ల లోపుకు దిగింది. ఆశ చిగురించింది. 2008 జనవరి 4న, లాస్ వేగాస్‌లో జరిగే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన మొదలవడానికి మూడు రోజుల ముందు, ఇకపై బ్లూ-రే ఒక్కటేనని వార్నర్ చెప్పేసింది. హెచ్‌డీ డీవీడీ వాళ్లు అక్కడ పెట్టుకున్న సమావేశాన్ని రద్దు చేసుకున్నారు. ఫిబ్రవరిలో డిస్కులు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్, వాటిని అమ్మే బెస్ట్ బై, వాల్‌మార్ట్ దుకాణాలు వరసగా జారుకున్నాయి. ఫిబ్రవరి 19న తోషిబా తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. బ్లూ-రే ప్రకటన వచ్చి ఆ రోజుకు సరిగ్గా ఆరేళ్లు.

ఆ రోజుల్లో మన ఇళ్లలో వీసీడీ ఇంకా నడుస్తోంది. ఢిల్లీ కంపెనీ మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మింది, తెలుగు సినిమాలతో సహా. అంత చవకగా డిస్కు దొరికే చోట దాదాపు 30 డాలర్ల డిస్కుకు గిరాకీ ఎక్కడిది? ఆ పోరు మన గడప తొక్కలేదు. దాని ఫలితం మాత్రం తొక్కింది. అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన బ్లూ-రే ఇక్కడి ప్లేయరులో ఆడక తలపట్టుకునే వాళ్లున్నారు. బ్లూ-రే లెక్కలో అమెరికాది ‘A’ ప్రాంతం, మనది ‘C’ ప్రాంతం. డిస్కు పెట్టె వెనక షడ్భుజిలో ఆ అక్షరం అచ్చువేసి ఉంటుంది, కొనేముందు చూడమని చెప్పండి. మూడు అక్షరాలూ ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేకు ప్రాంతాల గొడవే లేదు, దానికి తగిన ప్లేయరు ఉంటే చాలు.

డిస్కు ఆగి ఆగి ఆడుతుంటే ముందు వేలిముద్ర అనుమానించండి. డీవీడీ ముఖం మీద లేజరు కిరణం వెడల్పు సుమారు అర మిల్లీమీటరు. చిన్న మరక పక్కనుంచి వెలుగు జారుకుని లోపలికి పోతుంది. బ్లూ-రే ముఖం మీద ఆ వెడల్పు 0.13 మిల్లీమీటర్లే, అదే మరక దారంతా మూసేస్తుంది. మెత్తని పొడి నూలుగుడ్డతో నడిమి చిల్లు నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. అడ్డంగా పడిన గీతను తప్పుల సవరణ వ్యవస్థ దాటేస్తుంది. వరుస వెంట పొడుగ్గా పడిన గీత వల్ల ఒకేచోట సమాచారం కుప్పగా పోతుంది, దాన్ని పూడ్చుకోలేదు. డీవీడీ గీతలను దుకాణంలో పాలిష్ పట్టించవచ్చు, అరగదీయడానికి 0.6 మిల్లీమీటర్లు ఉంది. బ్లూ-రేకు ఆ పని ఎప్పుడూ చేయించకండి. గట్టి పూత పోతుంది, పొర మందం చెడుతుంది.

ఎర్రని పెట్టెలో హెచ్‌డీ డీవీడీ అని రాసిన డిస్కు ఎవరింట్లోనైనా ఉంటే, మామూలు బ్లూ-రే ప్లేయరు దాన్ని చదవదు. ఎక్స్‌బాక్స్ 360 కోసం చేసిన పాత డ్రైవు యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కూడా తగులుతుంది. అది దొరికితే సరే. దొరకకపోతే పెట్టె మీద కాంబో అని ఉందేమో చూడండి. ఉంటే డిస్కును తిరగేసి మామూలు డీవీడీ ప్లేయరులో పెట్టండి. ఆ రెండో ముఖాన అదే సినిమా డీవీడీగా ఉంటుంది.