వంద పూలకు ఒక చింతపిక్క

శ్రోతలందరికీ నమస్కారం. ప్రకృతి అందం, దేవుడికి కృతజ్ఞత అనే విషయం మీద మాట్లాడమన్నారు. నాకిచ్చిన టైము ఏడు నిమిషాలు. కొండలు, నదులు, సూర్యోదయాలు అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పినట్టుండదు. అందుకని ఒక్క చెట్టు గురించే చెబుతాను. పారిజాతం.

పారిజాతం మీలో చాలామంది ఇళ్లలో ఉంటుంది, లేదా పక్కింటి గోడ మీంచి మీ వాకిట్లోకి తొంగి చూస్తుంటుంది. ఆకు పట్టుకుంటే గరుకు కాగితంలా ఉంటుంది. పగలు చూస్తే అందులో ఏమీ లేదు. ఈ చెట్టు శాస్త్రీయ నామంలో ఆర్బర్ ట్రిస్టిస్ అనే మాటలున్నాయి, అంటే దుఃఖవృక్షం. ఆ పేరు పెట్టినాయన దీన్ని పగలే చూసి ఉంటాడని నా అనుమానం. చీకటి పడ్డాక మొగ్గ విచ్చుకుంటుంది, రాత్రంతా వాసన, తెల్లారేసరికి కింద రాలిపోయి ఉంటుంది. తెల్లటి రేకులు, పగడం రంగు కాడ. మామూలుగా నేల మీద పడ్డ పువ్వు పూజకు పనికిరాదంటారు కదా, దీనికి మాత్రం ఆ రూలు లేదు. దీన్ని కింద ఏరుకునే దేవుడికి పెట్టాలి. సత్యభామ పెరట్లో చెట్టు పెడితే పూలన్నీ రుక్మిణి వాకిట్లో రాలేవని ఒక ముచ్చట ఉంది, మీకందరికీ తెలిసిందే, అందులోకి వెళ్లను.

మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. 1996లో నాకు పన్నెండేళ్లు. ఆ ఏడు శ్రావణంలో మా అమ్మమ్మ లక్ష పారిజాతాల నోము పట్టింది. లక్ష అంటే లక్షే, ఉజ్జాయింపు కాదు. సాయంత్రం చెట్టు కింద పేడనీళ్లతో అలికేది, తెల్లవారుజామున బుట్టతో వెళ్లి ఒక్కో పువ్వూ ఏరేది. వంద పూలు అయ్యాక ఒక చింతపిక్క తీసి హార్లిక్స్ సీసాలో వేసేది. వంద పూలకు ఒక చింతపిక్క. సీసాలో వెయ్యి పిక్కలు పడితే నోము పూర్తయినట్టు.

నా పని పక్కన కూర్చుని లెక్క తప్పకుండా చూడటం. నాకు మహా విసుగు. గుప్పెడు గుప్పెడు తీసి అంచనాగా వెయ్యొచ్చు కదా అనేదాన్ని. ఆవిడ వినేది కాదు. ఒక్కోటీ తీసి తిప్పి చూసేది. "అమ్మాయ్, ఇది ఏడు రేకులది చూడు" అని ఒకటి నా అరచేతిలో పెట్టేది. అంతవరకూ పారిజాతానికి ఇన్ని రేకులని లెక్క ఉంటుందనుకున్నాను. కాదు, ఐదుంటాయి, ఆరుంటాయి, ఏడు, ఎనిమిది కూడా ఉంటాయి. రోజూ తొక్కుకుంటూ తిరిగే పూలు! ఏరేటప్పుడు ఒకసారి, పూజలో నామం చెబుతూ పెట్టేటప్పుడు ఇంకోసారి, ప్రతి పువ్వునూ రెండుసార్లు చూసేది.

ఆ నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. కోనసీమ వాళ్లకు ఆ తేదీ చెబితే చాలు, వేరే వివరం అక్కర్లేదు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు వరసలకు వరసలే పడున్నాయి, మా పెంకులు సగం ఎగిరిపోయాయి, నూతిలోకి బురదనీళ్లు వచ్చాయి, పారిజాతం మధ్యకు చీలి ఒరిగిపోయింది. సీసాలో అప్పటికి 386 పిక్కలు. ఇంకో మూడు రోజుల్లో దీపావళి, కరెంటు లేదు, టపాకాయల మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున్న అమ్మమ్మ బుట్ట పట్టుకుని బయల్దేరింది. విరిగిన కొమ్మ బురదలో పడి ఉంది కానీ దాని మొగ్గలు రాత్రి వాటి టైముకు అవి విచ్చుకున్నాయి. పదకొండు పూలు. వంద కాలేదు కాబట్టి పిక్క వెయ్యలేదు, కానీ తెచ్చి దేవుడి దగ్గర పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చేసిన దేవుడికి ఇంకా పూలెందుకు అన్నాను. ఆవిడ తిట్టలేదు. "తుఫాను ఎందుకొచ్చిందో నాకేం తెలుసే. పువ్వు పూసిందిగా, అది తెలుసు" అంది.

ఆ మాట నాకు అప్పుడు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పను, పంట పోయినవాడి ముందు ఆ మాట అనగలనా అంటే అనలేను. కానీ ఆవిడ ఊరి నష్టాన్నీ పదకొండు పూలనీ ఒక తక్కెడలో వేసి తూచలేదు. పూలను పూలుగా చూసింది, తర్వాత వెళ్లి పక్కింటివాళ్లకి గంజి కాచింది.

వచ్చే వానాకాలానికి మోడు పక్కనుంచి చిగుళ్లు వచ్చాయి. పూత రావడానికి ఇంకో ఏడాది పట్టింది. మా పురోహితుడు గారు, మధ్యలో ఆగిన నోము మళ్లీ మొదటినుంచి పట్టాలమ్మా అన్నారు. "చెట్టు మొదటినుంచి మొదలెట్టిందిగా బాబూ, అది చాలు" అంది అమ్మమ్మ. 387వ పిక్క నుంచే లెక్క సాగించింది. చిన్న చెట్టు, ఒక్కోరోజు వంద కూడా వచ్చేవి కావు. వెయ్యో పిక్క 2001 కార్తీకంలో పడింది.

ఈ మధ్య నేను కూడా కృతజ్ఞత డైరీ మొదలెట్టాను, రోజూ మూడు మంచి విషయాలు రాయమంటున్నారు కదా. మొదటిరోజు ఫిల్టర్ కాఫీ, అమ్మ ఫోను, వాన అని రాశాను. నాలుగో రోజుకి కాఫీ, కాఫీ, రేపు సెలవు. డైరీ తప్పు కాదు, నేను దేన్నీ చూడకుండా రాస్తున్నాను. అమ్మమ్మ లక్షసార్లు వంగి చూసింది. ఆ లెక్క దేవుడికి అక్కరుండి పెట్టింది కాదేమో, మన కళ్ల కోసం పెట్టిందేమో అని నాకు అనిపిస్తుంటుంది.

టైము దగ్గర పడుతోంది, పనికొచ్చే మాట ఒకటి చెప్పేస్తాను. పారిజాతం కొమ్మ పట్టుకుని ఊపకండి, కర్రతో కొట్టకండి. పొద్దున వాకింగ్‌లో చాలామంది చేసే పని అదే, మొగ్గలూ రాలిపోతాయి. రాత్రి పడుకునే ముందు చెట్టు కింద ఉతికిన పాత పంచె గానీ దుప్పటి గానీ పరవండి. అలికే నేలలు మనకిప్పుడు లేవు కదా. తెల్లవారుజామున, ఎండ రాకముందే ఏరుకోండి, ఎండ తగిలితే ఇట్టే వాడిపోతాయి. లక్ష వద్దు, పది ఏరండి. పదీ ఒక్కోటి, గుప్పెడుగా కాదు. రేకులు లెక్కపెట్టండి. చెట్టు లేనివాళ్లు వానాకాలంలో కొమ్మ తెచ్చి నాటుకోవచ్చు, ఎండ తగిలే చోట, నీళ్లు నిలవని చోట పెడితే చాలు.

మా ఫ్లాట్ల కింద ఒకటుంది, వాచ్‌మన్ భార్య పెంచుతోంది. దుప్పటి ఆవిడది, పూలు చెరి సగం. నిన్న ఎనిమిది రేకులది ఒకటి దొరికిందని నా కోసం విడిగా ఆకులో పెట్టి ఉంచింది.