రాయి పుట్టిన చోటు దొరికింది, వచ్చిన దారి?

సభకు నమస్కారం. నేరుగా గ్రీసుకు వెళ్దాం. దక్షిణాన సముద్రపు ఒడ్డున ఫ్రాంక్థి అనే గుహ ఉంది. అక్కడ సుమారు 13 వేల ఏళ్ల కిందటి పొరల్లో అబ్సిడియన్ పెచ్చులు బయటపడ్డాయి. అబ్సిడియన్ అంటే లావా గబగబా చల్లారి గట్టిపడిన గాజు. ఆ చుట్టుపక్కల ఎక్కడా ఆ రాయి పుట్టదు. పరీక్షిస్తే మెలోస్‌ది అని తేలింది. మెలోస్ ద్వీపం. సముద్రమట్టం బాగా కిందికి దిగి ఉన్న ఆ కాలంలోనూ ద్వీపమే. అంటే, సేద్యం ఇంకా తెలియని మనుషులు సముద్రం దాటి వెళ్లొచ్చారన్నమాట! వాళ్ల పడవ చెక్క కూడా మిగల్లేదు. ఉన్న సాక్ష్యమల్లా ఈ పెచ్చులే.

ఎలా తేల్చారు? ఏ అబ్సిడియన్‌లోనైనా ఎక్కువ భాగం సిలికాయే, దాంతో ఏమీ తేలదు. బేరియం, జిర్కోనియం లాంటివి లేశమాత్రంగా ఉంటాయి చూడండి, గుట్టు వాటి దగ్గరుంది. వాటి పాళ్లు ఒక్కో అగ్నిపర్వతానికి ఒక్కో తీరు. 1964లో భూగర్భ శాస్త్రవేత్త జో కాన్, పురావస్తు శాస్త్రవేత్త కాలిన్ రెన్‌ఫ్రూ దీన్ని పద్ధతిగా నిలబెట్టారు. ఇప్పుడైతే చేతిలో పట్టే ఎక్స్-రే యంత్రం పెచ్చు మీద కాసేపు ఆనిస్తే చాలు, గీత కూడా పడదు. చెకుముకి రాయి ఇంత తేలిగ్గా లొంగదు. ఒకే గుట్టలో రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది.

తర్వాత రెన్‌ఫ్రూ బృందం పశ్చిమాసియా మీద పడింది. నవీన శిలాయుగంలో, ఈ రాయి పుట్టే అనటోలియా (ఇప్పటి టర్కీ) కొండలకు దాదాపు 300 కిలోమీటర్ల లోపు ఊళ్లలో, చెక్కిన రాతి పనిముట్లలో 80 శాతానికి పైగా అబ్సిడియనే. అది దాటగానే వాటా గబుక్కున పడిపోతుంది. దాదాపు 700 కిలోమీటర్ల దూరాన, పాలస్తీనాలో ఉన్న జెరికోకు చేరింది బహు కొద్ది. ప్రసాదం పళ్లెం చేతులు మారుతూ పోతే చివరి వరసకు చిటికెడే మిగిలినట్టు, ఊరి నుంచి ఊరికి మారిందని ఆయన వాదన.

నాకిక్కడ కొంచెం పేచీ ఉంది. దూరంతో పాటు వాటా ఇలా పడిపోవడం వేరే రకం మారకంలోనూ జరగొచ్చు. మ్యాపులో కొండకూ ఊరికీ మధ్య బాణం గీసేసి ‘వ్యాపార మార్గం’ అని రాసేస్తే ఎలా? రాతి ముద్దలూ, చెక్కగా రాలిన తుక్కూ ఊళ్లోనే దొరికితే ముడిరాయి వచ్చినట్టు. తుక్కు లేకుండా సన్నని రాతి బ్లేడులు మాత్రమే ఉంటే తయారు సరుకు వచ్చినట్టు. తవ్వకాల్లో జల్లెడ సరిగా పట్టకపోతే ఈ తేడా మట్టికుప్పలోకే పోతుంది.

పుట్టినచోటు కూడా ఒక్కోసారి మొండికేస్తుంది. తూర్పు టర్కీలో బింగోల్, నెమ్రుత్ దాగ్ అని అబ్సిడియన్ పుట్టే చోట్లు రెండున్నాయి. రెండుచోట్లా దొరికే ఒక రకం రాయిని వెలుతురుకు అడ్డం పెడితే అంచు ఆకుపచ్చగా కనిపిస్తుంది, రసాయనికంగానూ దాదాపు కవలలే. చాలాకాలం నివేదికల్లో ‘బింగోల్ లేదా నెమ్రుత్’ అనే రాసుకున్నారు.