సగం స్ట్రిప్పుతో డెమోకి

అందరికీ నమస్కారం. నేను కౌంటర్ మనిషిని. కాబట్టి కంప్యూటర్ల గురించి కాకుండా, ఆసుపత్రి ఫార్మసీకి బిల్లులు, స్టాకు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చేవాళ్ల గురించి నాలుగు మాటలు చెబుతాను.

డెమోలో అన్నీ బాగానే ఉంటాయి. వాళ్ల లాప్‌టాప్, వాళ్ల మందుల లిస్టు, రెండు క్లిక్కుల్లో బిల్లు. నేను మాత్రం జేబులోంచి సగం స్ట్రిప్పు తీసి బల్ల మీద పెడతాను. పదిహేను మాత్రల స్ట్రిప్పు వార్డుకి వెళ్లింది, ఆరు వాడారు, పేషెంటు డిశ్చార్జి అయ్యాడు, తొమ్మిది వెనక్కొచ్చాయి. “బాబూ, ఇది రిటర్న్ తీసుకుని చూపించు” అంటాను. ఆ తొమ్మిదీ అదే బ్యాచ్ నంబరు, అదే ఎక్స్‌పైరీ కింద స్టాకులో చేరాలి. పేషెంటు బిల్లులో డబ్బు తగ్గాలి.

ఇదేం చాదస్తం అనుకోకండి, దెబ్బ తిని నేర్చుకున్నదే. మా పాత సాఫ్ట్‌వేర్ రిటర్నులన్నిటినీ కొత్త బ్యాచ్‌లో కలిపేసేది. స్క్రీన్ మీద పాత బ్యాచ్ సున్నా, అరలో మాత్రం స్ట్రిప్పులు. ఎక్స్‌పైరీ లిస్టులో వాటి ఊసే రాలేదు. ఒక ఆదివారం అరలు దులుపుతుంటే బయటపడ్డాయి. అప్పటికే గడువు దాటి నెలలైంది.

ఇంకొకటి. షెడ్యూల్ హెచ్1 మందులకి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని యాంటీబయోటిక్స్ లాంటివాటికి, 2014 మార్చి నుంచి డాక్టరు పేరుతో సహా రాసే విడి రిజిస్టరు ఉండాలి, మూడేళ్లు దాచాలి. అది మీకు తెలిసిందే. డెమోలో డాక్టరు పేరు దగ్గర ఒక చుక్క పెట్టి ఎంటర్ కొట్టండి. బిల్లు వచ్చేసిందా, ఇక ఆ రిజిస్టరు ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టడానికి పనికిరాదు.

మీరు కొనబోయే సాఫ్ట్‌వేర్‌ని ఇప్పటికే వాడుతున్న ఆసుపత్రికి కూడా ఒకసారి వెళ్లి రండి. సూపరింటెండెంట్ గారిని కాదు, నైట్ డ్యూటీ ఫార్మసిస్టుని అడగండి. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఆ పొద్దున కౌంటర్ తెరిచేసరికి రేట్లు మారి ఉన్నాయా, లేక మీరే ఒక్కో ఐటమూ మార్చుకున్నారా? జవాబు కన్నా ముందు ఆయన ముఖమే చెప్పేస్తుంది.

రేటు సంగతి బేరంలో ఎలాగూ తేలుతుంది, దాని మీద ఎక్కువ మాట్లాడను.

చివరికి మేము తీసుకున్న వెండర్ కూడా సగం స్ట్రిప్పు చూసి తడబడ్డాడు. “మా వాళ్లని అడిగి చెబుతానండీ” అన్నాడు. రెండు రోజులకి ప్రోగ్రామర్‌ని వెంటబెట్టుకుని వచ్చి, చేసి చూపించాడు. అగ్రిమెంటులో ఒక వాక్యం మాత్రం మేమే రాయించాం: మేము ఆ సాఫ్ట్‌వేర్ మానేసిన రోజున బ్యాచ్, ఎక్స్‌పైరీలతో సహా మా డేటా మొత్తం ఎక్సెల్‌లో ఇచ్చి వెళ్లాలి. “పెళ్లి పీటల మీద విడాకుల మాటేంటండీ” అని నవ్వాడు. నవ్వుతూనే సంతకం పెట్టాడు.