పెట్టెలో సందు ఎంత ఉండాలి
(కొత్తగా తేనెటీగలు పెంచేవారి కోసం వరంగల్‌లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి వచ్చిన రైతులు, చదువుకుంటున్న పిల్లలు, మహిళా సంఘాల అక్కలు ఇక్కడ ఉన్నారు. మీలో చాలామంది దగ్గర తేనెటీగల పెట్టె విడిభాగాల కిట్టు ఉంది, ఇంకా విప్పలేదు. ఇవ్వాళ పెట్టె బిగించడం గురించే మాట్లాడుకుందాం. ఈగల జబ్బులు, తేనె తీయడం మరో రోజు.

తేనెటీగ తన ఇంట్లో రెండు నుంచి మూడు నూళ్ల సందును దారిగా వదిలేస్తుంది. అంగుళానికి ఎనిమిది నూళ్లు కాబట్టి, ఇది 6 నుంచి 9 మిల్లీమీటర్ల పైచిలుకు. అంతకన్నా ఇరుకైతే చెట్ల జిగురు తెచ్చి పూడుస్తుంది. అంతకన్నా వెడల్పయితే అందులో అడ్డదిడ్డంగా మైనం గూడు కడుతుంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు ఈ సందును ఆధారం చేసుకుని, ఫ్రేములను, అంటే ఈగలు గూడు కట్టే చెక్క చట్రాలను, విడివిడిగా పైకి తీయగలిగే పెట్టెను రూపొందించాడు. మీ కిట్టులోని పది ఫ్రేముల పెట్టె దానికి వారసురాలే. వంకరగా బిగిస్తే ఈ సందు పోతుంది. ఆర్నెల్ల తర్వాత ఫ్రేము ఊడి రాదు, గుంజితే పిల్లల గూళ్లు చిరిగి రాణి నలుగుతుంది. అందుకే బిగించే రోజున తొందర పడొద్దని గట్టిగా చెబుతున్నాను.

ఒక్క జాగ్రత్త ముందే చెప్పాలి. ఈ పెట్టె ఐరోపా ఈగలది. మన అడవుల్లో చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే దేశవాళీ ఈగ చిన్నది. దాని పెట్టె వేరు, గూటికి పునాదిగా ఫ్రేములో పెట్టే మైనం షీటు మీది గళ్ల కొలత కూడా వేరు. ఒకదాని షీటు ఇంకోదానికి పెట్టొద్దు. కొనేటప్పుడే ఏ ఈగకో అడిగి తీసుకోండి.

కిట్టు విప్పగానే లెక్క చూసుకోండి. స్టాండు, అడుగు పలక, రెండు పెట్టెల పక్క పలకలు, ఇరవై ఫ్రేముల సామాను, రాణి పై పెట్టెలోకి పోకుండా ఆపే అడ్డుజాలి, లోపలి మూత, పై మూత. కింది పెట్టె పిల్లలది, పైది తేనెది. మొలలు ఎప్పుడూ కాసిన్ని తక్కువే వస్తాయి, హార్డ్‌వేర్ దుకాణంలో ముందే తెచ్చిపెట్టుకోండి. పలకలు తడి వాసన కొడితే నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి. పచ్చి కట్టె బిగిస్తే ఎండాకాలం నాటికి కుంచించుకుపోయి మూలలు విచ్చుకుంటాయి.

ఇక పెట్టె. పొట్టి పలకల పైఅంచున లోపలివైపు ఒక మెట్టు చెక్కి ఉంటుంది. ఫ్రేముల చెవులు, అంటే పైపుల్ల రెండు కొసలు, కూర్చునేది దాని మీదే. మెట్టు పైన, లోపలికి ఉండాలి. పట్టుకునే గాడి బయటికి ఉండాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: మూడు పలకలు సరిగ్గా పెట్టి నాలుగోది తలకిందులు చేస్తారు, జిగురు ఆరాక గమనిస్తారు. అందుకని ముందు జిగురు లేకుండా నాలుగూ కలిపి, ఒక ఫ్రేము వేలాడదీసి చూడండి. సరిపోయిందనుకున్నాకే ఫెవికాల్ రాయండి. రెండున్నర అంగుళాల మొలలు కొట్టండి, చివరి మొల కొట్టే ముందు టేపుతో మూల నుంచి మూలకు రెండువైపులా కొలవండి. బయటి కొలత ఇంచుమించు 65 సెంటీమీటర్లు వస్తుంది, అంకె కన్నా రెండూ సమానంగా రావడం ముఖ్యం. నాలుగైదు మిల్లీమీటర్లు తేడా ఉంటే పొడుగైన మూలను అదిమిపట్టి సరిచేయండి. గచ్చు సమంగా ఉన్నచోట చేయండి, మట్టి వాకిట్లో చేస్తే పెట్టె మెలి తిరుగుతుంది.

ఫ్రేముల దగ్గర ఓపిక కావాలి. ఒక్కో ఫ్రేముకు పది మొలలు. పైపుల్ల మీద నుంచి పక్కపుల్లల్లోకి చెరి రెండు, కింది పుల్ల నుంచి చెరి రెండు, ఎనిమిదయ్యాయి. మిగిలిన రెండూ పక్కపుల్లకు అడ్డంగా, పైపుల్ల లోపలికి దిగాలి. ఈ రెంటినీ చాలామంది వదిలేస్తారు. తేనె నిండి బరువైన ఫ్రేమును, ఈగలు పూసిన చెట్ల జిగురుతో అంటుకున్నదాన్ని, ఇనుప పట్టీతో పైకి లేపినప్పుడు నిలువు మొలలు జారి పైపుల్ల ఒక్కటే చేతికొస్తుంది. మిగతాది లోపల పడుతుంది. ఆ అడ్డం మొలే దాన్ని పట్టి ఉంచుతుంది. కట్టె చీలకుండా మొల మొన మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి మొండి చేయండి. ఇరవై ఫ్రేములకు 200 మొలలవుతాయి.

తర్వాత తీగ. పక్కపుల్లల్లో నాలుగు రంధ్రాలుంటాయి, వాటిలోకి చిన్న ఇత్తడి గొట్టాలు పెడితే తీగ కట్టెను కోసుకుపోదు. ఒక ఫ్రేముకు దాదాపు రెండు మీటర్ల తీగ. నాలుగు వరుసలు తీసి, ఒక కొస చిన్న మొలకు చుట్టి, రెండో కొస గుంజి బిగించండి. వేలితో మీటితే టింగుమని మోగాలి. మోగకపోతే వదులుగా ఉన్నట్టే. వదులు తీగ మీద షీటు మన ఎండలకు మెత్తబడి పొట్ట వేస్తుంది, ఈగలు ఆ వంపు మీదే గూడు కడతాయి, పక్క ఫ్రేముకు అతుక్కుంటుంది. మరీ గుంజినా పక్కపుల్లలు లోపలికి వంగుతాయి, చూసుకోండి.

మైనం షీటు పైపుల్ల గాడిలో పెట్టి, తీగ దానిమీద ఆనేలా తడిపిన పలక మీద పరచండి. 12 వోల్టుల బైకు బ్యాటరీ వైర్లు తీగ రెండు కొసలకూ రెండు మూడు సెకన్లు ఆనిస్తే తీగ వేడెక్కి మైనంలో దిగుతుంది. ఎక్కువసేపు ఉంచితే షీటు తెగి ముక్కలవుతుంది. ఇంటి కరెంటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు, ప్రాణం పోతుంది. బ్యాటరీ లేకపోతే వేడినీళ్లలో ముంచిన పళ్ల చక్రంతో తీగ వెంట నడిపించండి. ఆదిలాబాద్ చలిలో పొద్దున్నే షీటు పెళుసుగా ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. ఎండ కాస్త పైకి వచ్చాక పని మొదలుపెట్టండి. ఇరవై షీట్లూ ఒకేసారి ఎక్కించి నెలల తరబడి మూల పెట్టొద్దు, మైనం పురుగు పడుతుంది. తేనె పెట్టెకు షీట్లు ఆ పెట్టె ఎక్కించే ముందు రోజే వేయండి.

పెట్టె లోపలి వెడల్పు 375 మిల్లీమీటర్లు, ఒక్కో ఫ్రేము 35. పది ఫ్రేములు కలిపి 350. మిగిలిన 25 మిల్లీమీటర్లను ఫ్రేముల మధ్య పంచాలని అనిపిస్తుంది, పంచొద్దు. పదింటినీ ఒకదానికొకటి ఆనించి మధ్యకు జరపండి, మిగిలిన జాగ రెండు గోడల పక్కన సగం సగం ఉండాలి. ఒక ఫ్రేము తక్కువైతే పోనీలే అనుకోవద్దు, ఆ ఖాళీలో మూతకు వేలాడే గూడు కడతాయి.

రంగు బయట మాత్రమే, తెలుపు అయితే మంచిది. లోపల వేయొద్దు. వాసన పోయేదాకా వారం రోజులు ఆగండి.

చీమల సంగతి తేలిగ్గా తీసుకోకండి. స్టాండు నాలుగు కాళ్లనూ నీళ్లు పోసిన మూకుళ్లలో పెట్టి, నీళ్లు ఆరకుండా చూడండి. గడ్డిపోచ ఒక్కటి ఆనినా చీమలకు అదే వంతెన. పెట్టె ముఖం తూర్పుకు పెట్టండి. వాన నీరు లోపలికి పారకుండా ముందువైపు కొద్దిగా వాలు ఉండాలి. మధ్యాహ్నం కానుగో వేపో నీడనిచ్చే చోటు చూడండి. చెట్టు లేకపోతే పందిరి వేయండి. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, పై మూత మీద తడి గోనె సంచి తప్పనిసరి, దగ్గరలో నీళ్లు కూడా పెట్టండి. పత్తి, మిర్చి చేలకు ఆనుకుని పెట్టేముందు, మందు ఎప్పుడు కొడతారో పక్క రైతును అడిగి తెలుసుకోండి.

ఈగలను సాయంత్రం దించండి, ద్వారం మూడు వేళ్ల వెడల్పే తెరవండి. పది రోజుల తర్వాత మూత తీసి, మూత కింద గూడు కట్టిన గుర్తులు, ఫ్రేముల మధ్య వంతెనలు ఉన్నాయేమో చూడండి. ఉంటే వెంటనే గీకేసి, ఏ సందు తప్పిందో కొలిచి సరిచేయండి. అప్పటికి మైనం ఇంకా మెత్తగానే ఉంటుంది. ఇక మీ ముందున్న కిట్టులు విప్పండి, పక్క పలకలు నాలుగూ జిగురు లేకుండా కలిపి చూపించండి.